ఒక కార్బొరేటర్ సాక్ష్యం

నేను ఒక కార్బొరేటర్ని. పేరు వినగానే మీకు నల్లపొగా పెట్రోలు కంపూ గుర్తొస్తే తప్పు మీది కాదు. ఇప్పటి కార్లలో మా జాతి లేదు. ఉన్న రోజుల్లో మాత్రం ఇంజనుకు ఊపిరీ తిండీ రెండూ మా గుండానే వెళ్లేవి. పైనుంచి వచ్చే గాలిలో కొలతగా పెట్రోలు చిలకరించి, ఆ తుంపరను సిలిండర్లలోకి పంపడం మా పని. కొలత కాస్త తప్పితే ఇంజను దగ్గుతుంది. బాగా తప్పితే మాడిపోతుంది.

నన్ను 1971లో ఇటలీలో పోతపోశారు. మేం కవలలం. ఒక్కొక్కరికి మూడేసి గొంతులు. జర్మనీలో ఒక స్పోర్ట్స్ కారుకు ఉన్న ఆరు సిలిండర్లలో ఎడమ మూడింటి మీద నన్నూ, కుడి మూడింటి మీద నా తోబుట్టువునూ బిగించారు. ఆ కారుకు ఇంజను వెనకాల ఉంటుంది. అది మిగతా ఇంజన్లలా నీళ్లతో చల్లబడేది కాదు, ఒట్టి గాలితోనే. సిలిండర్ల చుట్టూ పల్చటి లోహపు రెక్కలు, పైన పెద్ద ఫ్యాను, అంతే. పరుగెత్తుతున్నంతసేపూ దానికి హాయి. ఆగిందంటే ఒళ్లంతా సెగ.

విశాఖపట్నంలో ఏదో ఫ్యాక్టరీ కట్టించడానికి వచ్చిన జర్మన్ ఇంజనీరు ఒకాయన మమ్మల్ని ఓడలో వెంట తెచ్చుకున్నాడు. ఆయనకు ఇక్కడి సముద్రం నచ్చింది, ఉక్కపోత పడలేదు. నాలుగేళ్లకు తిరిగి వెళ్లిపోతూ కారును పెనుమత్స జగ్గరాజుగారికి అప్పజెప్పాడు. రాజుగారిది జనపనార వ్యాపారం. కారు నడపడం ఆయనకు బాగా వచ్చు. దాన్ని బతికించడం మాత్రం ఊళ్లో ఎవరికీ రాలేదు. పేరున్న మెకానిక్కులు నలుగురు వచ్చి, ఇంజను మూత ఎత్తి, మమ్మల్ని చూసి, మూత మళ్లీ జాగ్రత్తగా దించేసి వెళ్లిపోయారు. మనిషి తనకు తెలియనిదాన్ని ఎంత మర్యాదగా చూస్తాడో నాకు అప్పుడే తెలిసింది.

అయిదోవాడు కోరాడ సన్యాసి. కంచరపాలెంలో ఒక లారీ షెడ్డులో పని. అప్పటికి ఇరవై ఏళ్లుంటాయి. అతను మర్యాద చూపించలేదు. నన్ను ఊడదీసి, పెట్రోలు పోసిన పళ్లెంలో పడుకోబెట్టి, ఒక్కొక్క స్క్రూ ఎన్ని చుట్లకు వస్తుందో లెక్కపెట్టుకుంటూ విప్పాడు. పుస్తకం లేదు, చెప్పేవాళ్లు లేరు. మూడు రోజులు పట్టింది. తిరిగి బిగించి, సైకిల్ ట్యూబు ముక్క ఒకటి తీసుకుని, ఒక కొస నా గొంతు దగ్గర పట్టుకుని రెండో కొస చెవిలో పెట్టుకున్నాడు. డాక్టరు ఛాతీ విన్నట్టు ఆరు గొంతుల్లోనూ గాలి ఈల విన్నాడు. ఆరూ ఒకే శ్రుతిలో పలికేదాకా సవరించాడు. అప్పుడు రాజుగారు తాళం తిప్పితే ఇంజను ఒక్క పిలుపుకే లేచింది.

"పేరేంట్రా నీది?" అన్నారు రాజుగారు.

"సన్యాసండి."

"ఇవాళ్టి నుంచి మేస్త్రివి."

అలా సన్యాసి మేస్త్రి అయ్యాడు. నలభై ఏళ్లు మా ఇంజను మీద ఆయన చెయ్యి తప్ప మరో చెయ్యి పడలేదు. కొన్నాళ్లకు కంచరపాలెంలోనే సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ముందు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు. భార్య ఎల్లమ్మ, ఒక్కగానొక్క కూతురు నూకరత్నం. ఆ పిల్ల బొమ్మలతో ఆడుకున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. బళ్లోంచి రాగానే తండ్రి పక్కన గొంతుక్కూర్చుని పెట్రోలు చిలకరించే ఏ జెట్టు ఏ రంధ్రంలోకి వెళ్తుందో అడుగుతూ ఉండేది. పెరిగి ఆటోమొబైల్ డిప్లొమా చేసింది. బెంగళూరులో పాత కార్లకు కొత్త యంత్రాలు బిగించే కంపెనీలో చేరి, అక్కడ ఒట్టి "రత్న" అయింది. తండ్రి ఫోనులో ఎవరితో మాట్లాడినా "మా రత్నం కంప్యూటర్తో ఇంజన్లు సెయిస్తాది" అని ఒకసారైనా అనకుండా పెట్టేవాడు కాదు.

రాజుగారు పోయాక కారు ఆయన కూతురు కాత్యాయనిగారికి వచ్చింది. ఆవిడకు బీచ్ రోడ్డులో హోటలుంది. మంచి మనిషే. కానీ ఆవిడకు కారంటే తాళం తిప్పగానే కదలాలి. నేనేమో వయసు మీదపడినదాన్ని. ఈ మధ్య పెట్రోలులో ఏదో సారా లాంటిది కలుపుతున్నారు, అది నా రబ్బర్లను తినేసింది. చలికాలం పొద్దుటిపూట పది నిమిషాలు బతిమాలితే గానీ లేచేదాన్ని కాదు. ఎక్కడ ఆగితే అక్కడ పెట్రోలు కార్చేదాన్ని. నా తరఫున వకాల్తా పుచ్చుకుని నేనే అబద్ధం ఆడలేను. నా రోజులు అయిపోయాయి.

ఒకరోజు షెడ్డుకు వచ్చి కాత్యాయనిగారు చెప్పారు. "మేస్త్రీ, కార్బొరేటర్లు తీయించేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టిద్దామనుకుంటున్నాను. కంప్యూటర్ది. మీ రత్నం పనిచేసే కంపెనీయే చేస్తుందట. రత్నాన్నే పంపిస్తామన్నారు. నీకేం అభ్యంతరం లేదు కదా?"

నాకు గుండె అనేది ఉంటే ఆగిపోయేది. సన్యాసి కాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నాకేటి అబ్యంతరమమ్మగారూ. నా కూతురు సేస్తానంటే నాను సుత్తి అందిస్తాను" అన్నాడు.

అన్నమాట ప్రకారమే చేశాడు. ఆ మూడు వారాలూ ఆ షెడ్డులో నేను చూసిన సంతోషం అంతకుముందు నలభై ఏళ్లలోనూ చూడలేదు. మొదటి వారం మమ్మల్ని ఇంకా ఊడదీయలేదు. రత్నం సైలెన్సరు గొట్టానికి ఒక మీటరు తగిలించింది. పొగను బట్టి గాలికి పెట్రోలు ఎక్కువై చిక్కనైందో తక్కువై పల్చనైందో అది చెబుతుంది. తండ్రీకూతుళ్లు కారెక్కి సింహాచలం ఘాట్ రోడ్డు మీదికి పోయారు. ఆమె నడిపింది. ఆయన పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు కూసింత పల్సనయింది" అన్నాడు ఎత్తులో.

రత్నం మీటరు చూసి నోరు తెరిచింది. "అవును నాన్నా, పల్చనే."

"ఇక్కడ సిక్కన."

"చిక్కనే!"

"ఈ మలుపు దాటినాక సరిపోతాది సూడు."

సరిపోయింది. ఆమె కారు పక్కకు ఆపి ఫక్కున నవ్వింది. "ఈ మీటరు కోసం మా కంపెనీలో ముగ్గురం పోట్లాడుకుంటాం. నువ్వు చెవితో చెప్పేస్తున్నావు." ఆయన చెప్పిందల్లా ఆమె కంప్యూటరులోకి ఎక్కించింది. ఏ వేగానికి ఎంత, ఏ ఎత్తుకు ఎంత, ఎండలో ఎంత. గడులు గడులుగా ఒక పట్టిక నిండింది. ఆయన చెవి అందులోకి పోయింది. ఇచ్చేసినందుకు ఆయనకు బాధేమీ కనపడలేదు. కూతురికే కదా ఇచ్చింది.

రెండో వారం నన్నూ నా తోబుట్టువునూ ఊడదీశారు. కాత్యాయనిగారు "ఆ పాతవి నువ్వే ఉంచుకో మేస్త్రీ" అన్నారు. సన్యాసి మమ్మల్ని తుడిచి, షెడ్డులో పనిబల్ల పైనున్న చెక్క మీద పెట్టాడు. అక్కణ్ణుంచి కారు వెనక భాగమంతా నాకు కనిపిస్తుంది. మా చోట్లో కొత్త గొట్టాలు, వాటిలోకి పెట్రోలు చిమ్మే ఆరు ఇంజెక్టర్లు, పైన వైర్ల చుట్ట. పాత పెట్రోలు పంపు తీసేసి కొత్తది పెట్టారు. నాకు పెట్రోలు మెల్లగా, తొట్లోకి నీళ్లు వదిలినట్టు వస్తే చాలు. ఇంజెక్టర్లకు అలా కుదరదు. వాటికి కావలసిన ఒత్తిడి నాకు చాలినదానికి పన్నెండు రెట్లు.

ఆ వారంలోనే ఒక చిన్న గొడవ జరిగింది. రత్నం బిగించిన ప్రతి జాయింటునూ సన్యాసి మళ్లీ వేలు పెట్టి తడిమి చూసేవాడు. అలవాటు. రాజుగారి కారనే కాదు, ఎవరి స్కూటరు బిగించినా అంతే. ఒక రోజు కాత్యాయనిగారి ముందే అలా తడిమాడు. ఆవిడ వెళ్లాక రత్నం పానా బల్ల మీద విసిరికొట్టింది.

"కూతుర్నని కాకపోయినా, మెకానిక్‌నని అయినా నమ్మవా? ఆవిడ ఏమనుకుంటుంది? ఈ పిల్ల పని వాళ్ల నాన్న దిద్దుతాడనుకోదా?"

"అలగ కాదమ్మా..."

"ఇంకెలాగ?"

ఆయన తల గోక్కున్నాడు. "తప్పే. ఇంక సూడను."

మూడో వారానికి అన్నీ అయ్యాయి, ఒక్క పైపు తప్ప. ట్యాంకు నుంచి కొత్త పంపు ద్వారా ఇంజను దాకా పెట్రోలు పోయే దారిలో మూరెడు పొడవున రబ్బరు పైపు ఉంది. పాతది. గుడ్డ అల్లిక మీద నల్లగా, చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. లోపల మాత్రం పొరలు పొరలుగా ఊడుతోంది. నాకెలా తెలుసంటే, రెండేళ్లుగా ఆ నల్లటి పొరలు కొట్టుకొచ్చి, పెట్రోలు నిలిచే నా గిన్నెలో పడుతుండేవి. సన్యాసి గిన్నె కడిగినప్పుడల్లా వాటిని వేలితో తీసి చూసేవాడు.

"ఈ పైపు మాత్రం మార్సకుండా బండి తియ్యకమ్మా" అని కూతురికి మూడుసార్లు చెప్పాడు. ఆమె ఒత్తిడికి తట్టుకునే ప్రత్యేకమైన పైపును బెంగళూరు నుంచి తెప్పించింది. ఆ పార్శెలు దారిలో విజయవాడలో ఆగిపోయింది.

ఆదివారం పొద్దున బీచ్ రోడ్డులో పాత కార్ల ఊరేగింపు. కాత్యాయనిగారి హోటలు ముందే మొదలు. రత్నం కంపెనీ యజమాని కూడా వస్తున్నాడు. ఈ కారు బాగా నడిస్తే విశాఖలో శాఖ తెరుస్తామనీ, దానికి రత్నమే పెద్ద అనీ మాట ఇచ్చాడు.

శనివారం మధ్యాహ్నం సన్యాసి ఒక ఇనప పట్టీ చేయించడానికి ఆటోనగర్లో లేతు దగ్గరికి వెళ్లాడు. రత్నం పార్శెలు వాళ్లకు ఫోను చేసింది. సోమవారం అన్నారు. తర్వాత కాత్యాయనిగారి ఫోను, ఆ తర్వాత యజమాని ఫోను. ఇద్దరికీ "రెడీ మేడమ్", "రెడీ సర్" అని చెప్పింది. ఫోను బల్ల మీద పెట్టి, నుదుటికి చెయ్యి ఆనించుకుని కాసేపు నిలబడింది. తర్వాత ఆ పాత పైపును తీసుకుని వంచి చూసింది, గిల్లి చూసింది. రెండు కొసలకూ రెండేసి క్లిప్పులు వేసి బిగించింది. పంపు వేసి పావుగంట చూసింది. చుక్క కారలేదు. "ఒక్క రోజే కదా" అంది పైకే.

మూడు గొంతులున్నాయి నాకు. ఒక్కటీ పెగల్లేదు.

సన్యాసి తిరిగొచ్చాడు. రాగానే అడిగింది అదే.

"పైపు వొచ్చిందేటి?"

"వచ్చింది నాన్నా. వేసేశాను."

ఆయన ఇనప పట్టీ కింద పెట్టి, మోకాళ్ల మీద వంగబోయాడు. ఆమె గొంతులో ఉలికిపాటు ఆయనకు వినిపించలేదు, నాకు వినిపించింది.

"ఏం, చూస్తే గానీ నమ్మవా?"

వంగినవాడు ఆగాడు. నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు. "లేదమ్మా, ఇంక సూడనన్నాను కదా" అని నవ్వి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు.

ఆదివారం జరిగింది నేను కళ్లారా చూడలేదు. తర్వాత షెడ్డులో నలుగురూ అనుకోగా విన్నది చెబుతున్నాను. ఊరేగింపు నత్తనడక. ఎండ. మా ఇంజనుకు గాలే ప్రాణమని చెప్పాను కదా, అడుగులో అడుగేసే బండికి గాలి ఎక్కడిది? సెగకు పైపు మెత్తబడింది. క్లిప్పు పక్కనే పగిలింది. పన్నెండు రెట్ల ఒత్తిడితో పెట్రోలు కాలుతున్న సిలిండర్ల మీద చిమ్మింది. వెనక వ్యానులో వస్తున్న సన్యాసి మంట కనపడకముందే వాసన పట్టాడట. దూకి పరిగెత్తాడు. "తాళం ఆపండి, తాళం" అని అరుస్తూ మూత ఎత్తాడు. కారు నడుపుతున్న కాత్యాయనిగారు భయంతో తలుపు తీసుకుని బయటపడ్డారే గానీ తాళం తిప్పి ఆపలేదు. పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉంది. ఆయన కుడిచేతిని మంటలోకి పెట్టి ఆ పైపును మడిచి పట్టుకున్నాడు. రత్నం వచ్చి తాళం తిప్పిందాకా వదల్లేదు. ఐసు అమ్మేవాడి బండి మీది తడి గోనె లాక్కుని ఎవరో మిగతా మంట ఆర్పారు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. కారు కూడా వెనకవైపు నల్లబడిందంతే.

మధ్యాహ్నానికి కారును తాళ్లు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. వెనకే ఆసుపత్రి నుంచి సన్యాసి వచ్చాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు. కాత్యాయనిగారు, బెంగళూరు యజమాని, రత్నం, గుమ్మంలో ఎల్లమ్మ. కాలిన పైపు ముక్క బల్ల మీద, నాకు జానెడు దూరంలో ఉంది.

యజమాని దాన్ని కలంతో తిప్పి చూసి అన్నాడు. "ఇది మేం పంపిన పైపు కాదు. పాత రబ్బరు."

"ఎవరు వేశారిది?" అన్నారు కాత్యాయనిగారు.

సన్యాసి అప్పటికే పైపును చూశాడు. మంటలో పట్టుకున్నప్పుడే ఆయన వేళ్లకు తెలిసి ఉంటుంది. మెల్లగా కూతురి వైపు చూశాడు. అందులో కోపం లేదు. ఒక ప్రశ్న ఉంది, అంతే. రత్నం పెదవులు కదిలాయి. "నాన్న..." అంది. ఆగిపోయింది. నేల వైపు చూసింది.

సన్యాసి ఒక అడుగు ముందుకు వేశాడు.

"నానేనమ్మగారూ" అన్నాడు సన్యాసి. "పాతదే సరిపోతాదనుకున్నాను. రత్నం వొద్దంటే ఇన్లేదు."

కాత్యాయనిగారు కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది. "నలభై ఏళ్ల నమ్మకం మేస్త్రీ. మా నాన్నగారు ఉంటే ఏమనేవారో. చెయ్యి తగ్గేదాకా మందులు నేను పంపిస్తాను. ఈ కారు జోలికి మాత్రం ఇంక రావద్దు" అన్నారు. యజమాని రత్నం భుజం తట్టాడు. "ఇందులో నీ తప్పేం లేదు. కారు బెంగళూరు తీసుకెళ్దాం. మళ్లీ చెయ్యి."

ఆ సాయంత్రమే రత్నం యజమానితో బెంగళూరు వెళ్లింది. వెళ్లేముందు తండ్రి కాళ్లకు దండం పెట్టింది. లేవనెత్తడానికి ఆయన ఎడమచెయ్యి చాచాడు.

సోమవారం పదకొండు గంటలకు పార్శెలు వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంది ఎల్లమ్మ. అట్టపెట్టె విప్పి, మెరిసే కొత్త పైపును రెండు చేతుల్లో పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఆవిడకు బండ్ల పని తెలియదు గానీ వారాలు తెలుసు.

"కొత్త పైపు శనివారమే వొచ్చీసిందని పిల్ల అంది కదా. మరిదేటి?"

సన్యాసి పైపు వైపు ఒకసారి చూసి, ఎడమచేత్తో బల్ల తుడవసాగాడు.

"నువ్వు పాత పైపు ఎయ్యవు. పెళ్లయిన కాడ్నించి సూస్తన్నాను. ఎవులేసినారు?"

"లోపలెట్టు."

"నీ సెయ్యి పోనాది. నీ పేరు పోనాది. అదేమో ఒక్క మాట సెప్పకుండా రైలెక్కీసినాది."

"ఎల్లమ్మా." ఆయన గొంతు ఎప్పుడూ అంత గట్టిగా వినలేదు నేను. "నాకింక మహా అయితే అయిదేళ్లు పని. దానికింకా ముప్ఫై ఏళ్ల పనుంది. ఎవుల్ది పోతే తేలికో నువ్వే సెప్పు. ఈ పార్శెలు సంగతి గుమ్మం దాటితే నా మీదొట్టే."

ఎల్లమ్మ కొత్త పైపును పెట్టెలో పెట్టి లోపలికి తీసుకుపోయింది. ఆ రోజు పొయ్యి వెలిగించిన అలికిడి లేదు.

కట్టు విప్పాక కుడిచేతి వేళ్లు మూడు ముడుచుకుపోయి ఉన్నాయి. చర్మం మందంగా, మెరుస్తూ. స్క్రూ తగులుతోందో లేదో ఆ వేళ్లకు తెలియదు. తెలిసినా పని వచ్చేది కాదులెండి. పాత కార్లున్న వాళ్లు ఊళ్లో ఓ పదిహేను మంది, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు. సన్యాసి వేసిన పైపు పేలిందట అన్న మాట బీచ్ రోడ్డు నుంచి కంచరపాలెం రావడానికి ఆయనకంటే తక్కువ సమయమే పట్టింది. మొదటి ఏడాది స్కూటర్లు వచ్చేవి. తర్వాత అవీ తగ్గాయి.

రత్నం ప్రతి ఆదివారం ఫోను చేసేది. కుడిచేత్తో పట్టుకోలేక ఆయన ఫోనును నా పక్కన చెక్క మీద పెట్టి స్పీకరు నొక్కేవాడు. అందుకే అన్నీ విన్నాను. మొదటి నెలల్లో ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చేది. "నేనే వేశానని చెప్పేస్తాను నాన్నా, నిద్ర పట్టడం లేదు." ఆయన వద్దనేవాడు. "అయిపోనాది. నీ పని సూసుకో." ఏడాది తిరిగేసరికి ఏడుపు తగ్గింది. "ఆ రోజు మనం తొందరపడ్డాం నాన్నా" అనేది. మనం అన్న మాటకు ఆయన కాస్త ఆగి, "అవునమ్మా" అనేవాడు. మరో ఏడాదికి "ఆ యాక్సిడెంటు అవకపోతే" అనడం మొదలైంది, వానో గాలో వచ్చిపోయినట్టు. తర్వాత అసలు ఆ ఊసే లేదు. మందు రాసుకుంటున్నావా, అమ్మ ఎలా ఉంది, అంతే. ప్రేమ తగ్గలేదు, అది కూడా చెప్పాలి. నెలనెలా మందులు పంపేది. పండక్కి బట్టలు పంపేది. ఏదో ఒకటి మాత్రం ఆ మాటల అడుగున మెల్లగా కదిలి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరిపోయింది.

అయిదో ఏట మధురవాడలో కంపెనీ శాఖ తెరిచారు. పెద్ద అద్దాల షెడ్డు. రత్నమే దానికి పెద్ద. తండ్రిని అడిగి నన్ను తీసుకుంది. "ముందు గదిలో పెడతాను నాన్నా, అందరూ చూస్తారు." నా తోబుట్టువును విడిభాగాల కోసం ఎవరో కోయంబత్తూరు ఆయన అంతకుముందే పట్టుకుపోయాడు. నన్ను మాత్రం ఇసుక పొడితో రుద్ది, తళతళలాడేలా చేసి, గాజుపెట్టెలో పెట్టారు. కింద ఇంగ్లీషులో నా పేరు. లోపల తుప్పు అలాగే ఉంది.

ఒక శనివారం ఆ గదిలోనే శిక్షణ క్లాసు పెట్టారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి ఇరవైమంది మెకానిక్కులు, బండ్ల పనిలో పండినవాళ్లే, వచ్చారు. రత్నం తండ్రిని కూడా పిలిచింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సు దిగి వచ్చి, మొదటి వరసలో కూర్చున్నాడు సన్యాసి. నన్ను చూసి తల ఊపాడు, తెలిసినవాళ్లను చూసినట్టు.

రత్నం బాగా చెప్పింది. గాలితో చల్లబడే ఇంజను ఎందుకు అంత వేడెక్కుతుంది, పల్చన అయితే ఏమవుతుంది, చిక్కన అయితే ఏమవుతుంది. గోడ మీద పట్టిక వెలిగింది. ఆ గడుల్లో ఉన్నది ఎవరి చెవో నాకు తెలుసు. ఆ పట్టికను ఆమె "మేం తయారుచేసిన మ్యాపు" అంది. తర్వాత బల్ల మీదున్న పైపు ఎత్తి చూపించింది.

"కార్బొరేటరు తీసి ఇంజెక్షన్ పెట్టేటప్పుడు అందరూ చేసే తప్పు ఇదే. పాత పైపు ఉంచేయడం. బయటికి గట్టిగానే కనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లే ఎక్కువ మోసపోతారు. మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు, నలభై ఏళ్ల అనుభవం. ఆయన కూడా, ఒక్క రోజే కదా అనుకున్నారు. ఏం జరిగిందో ఆయన చెయ్యి చూస్తే మీకే తెలుస్తుంది."

ఇరవై తలలు తిరిగాయి. సన్యాసి కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ చూస్తుంటే దాన్ని బయటికి తీసి మోకాలి మీద పెట్టాడు. ఒక నడివయసు మెకానిక్ జాలిగా అడిగాడు.

"ఎందుకలా చేశారు మేస్త్రిగారూ? మీకు తెలీదా?"

సన్యాసి ఒకసారి కూతురి వైపు చూశాడు. ఆమె చిన్నగా నవ్వుతూ, ఆయన జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆ ముఖంలో భయం లేదు. దాచుకోవడం లేదు. అయిదేళ్ల క్రితం నేల వైపు చూసిన పిల్ల ఆ ముఖంలో ఎక్కడా లేదు. ఆ సంగతి నాతోబాటు ఆయనా అప్పుడే గ్రహించాడనుకుంటాను.

"ఏటో బాబూ, అప్పుడలగ బుద్ధి పుట్టింది" అన్నాడు. "మీరు మాత్రం మార్సుకోండి."

భోజనాలకు అందరూ మేడ మీదికి వెళ్లారు. ఆయన నా ముందు ఆగాడు. రత్నం ప్లేటులో పులిహోర, పెరుగన్నం పెట్టుకొచ్చి, స్పూను ఎడమచేతి వైపు ఉంచి అందించింది. తండ్రి ముడుచుకున్న వేళ్లను తన చేతిలోకి తీసుకుని నిమిరింది.

"చలికాలం లాగేస్తున్నాయా నాన్నా?"

"అంత లేదమ్మా." ఆయన ప్లేటు పక్కన పెట్టాడు. "రత్నం. ఆ శనివారం నాడు... పార్శెలు..."

"ఏ పార్శెలు?"

ఆమె నిజంగానే అడిగింది. నేను గాజులోంచి ఆ కళ్లను చూస్తూనే ఉన్నాను. నిజంగానే అడిగింది. అందరి ముందూ ఆ పైపు మాట ఎత్తినందుకు ఆయన నొచ్చుకున్నాడేమో అనుకుంది. దగ్గరికి జరిగి, ఆయన భుజం మీద తల ఆనించింది.

"పోనీలే నాన్నా. దాన్నే తలుచుకుని కుమిలిపోకు. ఆ విషయంలో నేను నిన్ను ఎప్పుడూ తప్పు పట్టలేదు."

సన్యాసి ఎడమచేత్తో కూతురి తల నిమిరాడు. చాలాసేపు నిమిరాడు. తర్వాత "బస్సు టైమవుతాంది, మీ అమ్మొక్కతే ఉన్నాది" అని లేచాడు. పులిహోర ముట్టుకోలేదు. ఆమె గేటు దాకా వెళ్లి ఆటో ఎక్కిస్తానంది. ఆయన వద్దని, ఎండలో నడుచుకుంటూ పోయాడు. మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది.

మళ్లీ ఆయన ఇక్కడికి రాలేదు. నేను ఈ పెట్టెలోనే ఉన్నాను. శనివారం శనివారం క్లాసు జరుగుతుంది. ఆమె ఆ కథ చెబుతుంది. ప్రతిసారీ కాస్త బాగా చెబుతుంది.